మండపేటలో మేలుకట్టు

మా చెల్లెలు ఫోను చేసి, "అన్నయ్యా! నువ్వొకసారి మండపేట వచ్చి తీర్పు చెప్పాలి" అన్నప్పుడు ఏదో పొలం గట్టు తగాదా కాబోలు అనుకున్నాను. తీరా వింటే తగాదా గట్టుది కాదు, కప్పుది. కొత్తగా కట్టుకుంటున్న ఇంటికి శ్లాబు వేశారు. గోడల పూతలు కూడా అయ్యాయి. ఇక మిగిలింది కప్పు అడుగుభాగం. దాన్ని అద్దంలా నున్నగా చేయించాలని ఆవిడ పట్టు. గరుకు గరుకుగా, పూలు చల్లినట్టు, ఈ రోజుల్లో 'టెక్స్‌చర్' అంటున్నారే, ఆ పని చేయించాలని మా బావగారి పట్టు. మాటా మాటా పెరిగేసరికి తాపీమేస్త్రీ, "మీరు మీరు తేల్చుకుని కబురు పెట్టండి" అని వారం రోజులుగా రావడం మానేశాడు. గృహప్రవేశానికి నలభై రోజులైనా వ్యవధి లేదు.

"తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, నాకేం తెలుస్తుందే కప్పుల సంగతి?" అన్నాను.

"నీకు తెలియదు గనకనే ఇద్దరం నీ మాట వింటాం" అంది.

ఇంత మర్యాద చేసి పిలిచిన తర్వాత వెళ్ళకుండా ఎలా వుండను? వేసవి సెలవులు కూడా కలిసి వచ్చాయి. రాజమహేంద్రవరంలో పొద్దున్నే బస్సెక్కాను. ధవళేశ్వరం, కడియం మీదుగా కాలువ గట్టు వెంబడి సాగే ఆ దారి ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు పుట్టదు. ఒక పక్క నిండు కాలువ, మరో పక్క కడియం నర్సరీల్లో బారులు తీర్చిన పూల మొక్కలు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆనకట్ట ముగించకపోతే ఈ కాలువలూ లేవు, ఈ వరిచేలూ లేవు, వరిని నమ్ముకుని వెలసిన మండపేట రైసుమిల్లులూ లేవు. ఆ మిల్లుల మీద నాలుగు డబ్బులు వెనకేసుకుని మా బావగారు ఇల్లు కట్టడమూ లేదు, నాకీ తీర్పరి పదవీ లేదు!

ద్వారపూడి దగ్గర మలుపు తిరిగితే దారిలో తాపేశ్వరం. అక్కడ ఆగి కాజాలు కొనకుండా మండపేటలో ఏ ఇంటి గుమ్మమైనా తొక్కగలమా? మడతకాజా పుట్టిందే ఆ వూళ్ళో. పొర మీద పొరగా మడిచి, వేయించి, పాకంలో ముంచిన కాజా పట్టుకుని వెళుతుంటే నాకో సందేహం కలిగింది. ఈ కాజా నునుపా, గరుకా? మడతలు లేకపోతే పాకం నిలవదు. కాబట్టి మా బావగారిదే న్యాయమేమో! దిగకముందే ఒక పక్షానికి మొగ్గడం తీర్పరికి తగదని ఆ ఆలోచన అక్కడే మానుకున్నాను.

మండపేటకు మాండవ్య మహర్షి పేరు మీదుగా ఆ పేరు వచ్చిందని ఊరివాళ్ళు చెబుతారు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఈ వూరిని కోనసీమ జిల్లాలో కలిపారు గాని, నిజానికి గౌతమి దాటితే తప్ప కోనసీమ రాదు. మండపేట గౌతమికి ఇవతలి ఒడ్డు వూరు. కొబ్బరిచెట్లు వుంటాయి గాని పెత్తనం వరిదే. బస్టాండులో దిగగానే ధాన్యం ఉడికిన వాసన ముక్కుకు తగిలితే వూరు వచ్చినట్టే లెక్క.

బావగారు స్కూటరు మీద వచ్చి నేరుగా కొత్త ఇంటికే తీసుకుపోయారు. ఇల్లు చక్కగా వుంది. ఎప్పటి స్థలమో అదే స్థలం. పాత ఇంటి వీధి అరుగు వున్నచోట ఇప్పుడు మెట్లు. మండువా వున్నచోట హాలు. నేను పెళ్ళినాటి నుంచి ఎరిగిన మండువా లోగిలి అది. నాలుగు వైపుల నుంచీ వాన మధ్య గచ్చులో పడుతుంటే చుట్టూ కూచుని భోజనాలు చేసిన ఇల్లు. ఇప్పుడు హాలు మధ్య నిలబడి తలెత్తితే బూడిదరంగు శ్లాబు. సెంట్రింగు రేకుల అతుకులు ఇంకా గీతలు గీతలుగా కనబడుతున్నాయి.

"చూడండి బావగారూ" అన్నారాయన, "ఇంత పెద్ద హాలు. దీన్ని నున్నగా తెల్లగా చేసి వదిలేస్తే ఆసుపత్రి వార్డులా వుండదూ? రాజమండ్రిలో మా మేనల్లుడి ఇంట్లో చూశాను. కప్పంతా గరుకు పని. సాయంత్రం దీపాలు వేస్తే ఇసుకతిన్నెల మీద వెన్నెల పడ్డట్టుంది."

ఆయన అంత కవిత్వం చెప్పగా నేను పాతికేళ్ళలో వినలేదు.

"వెన్నెలా లేదు, ఏమీ లేదు" అంది మా చెల్లెలు. "ఆ వెన్నెలకు పట్టిన బూజు దులిపేది ఎవరు? బూజుకర్ర పట్టుకుని ఒక్కసారైనా పైకి చూశారా మీరు? నున్నటి కప్పయితే ఒక్క తుడుపుతో పోతుంది. గరుకు మీద బూజు గరుకులోనే వుండిపోతుంది. మిల్లుల వూరు, వూక నలుసు గాలిలోనే వుంటుంది."

ఇద్దరి వాదంలోనూ సారం వుంది. అప్పుడే కబురందుకుని మేస్త్రీ వచ్చాడు. అరవై దాటిన మనిషి. తలగుడ్డ తీసి భుజాన వేసుకుని, నాకు దణ్ణం పెట్టి, ఏమీ మాట్లాడకుండా పక్క గదిలోకి తీసుకుపోయాడు. అక్కడ ఒక మూల నమూనాకని రెండు జానల మేర నున్నగా పుట్టీ పెట్టి వుంచాడు. కింద నుంచి చూస్తే అద్దమే. నిచ్చెన వేసుకుని ఎక్కి, సెల్‌ఫోను దీపం వెలిగించి కప్పుకు ఆనించి అడ్డంగా పట్టాడు. చెప్పొద్దూ, అద్దం కాస్తా ఉప్పాడ సముద్రమైపోయింది! అలలు, గుంటలు, తాపీ చివరి గీతలు, అన్నీ లేచి నిలబడ్డాయి.

"ఇదండీ సంగతి" అన్నాడు దిగి వచ్చి. "నునుపు పనికి దొంగతనం కుదరదండి. సాయంత్రం పడమటి కిటికీలోంచి ఎండ ఇలాగే అడ్డంగా కొడుతుందండి. వడ్లగింజంత మిట్టకు వేలెడు నీడ. గరుకైతే తప్పులన్నీ అందులో కలిసిపోతాయండి. నాకు కష్టం తక్కువ, మీకు మాట తక్కువ."

"మరి నువ్వు ఏది చెయ్యమంటావు?"

"కూలి ఇచ్చేది మీరు. ఏదంటే అది. కాని అడిగారు గనక చెబుతాను. పైన ఏం పూస్తారన్నది తర్వాత మాటండి. లోపల పట్టు వుందా లేదా అన్నది ముందు మాట."

ఈ మాట నన్ను తాకింది. కారణం వుంది. నేను ఉద్యోగం చేసే వూళ్ళో కొన్నేళ్ళ కిందట అద్దెకున్న ఇంట్లో, ఒక రాత్రి పరీక్ష పేపర్లు దిద్దుతూ మంచినీళ్ళకని లేచాను. వెనక పెద్ద చప్పుడు. తిరిగి చూస్తే నేను కూచున్న కుర్చీలో విస్తరాకంత కప్పు పెచ్చు ముక్కలై పడివుంది. నున్నటి పెచ్చు. పైకి చూస్తే శ్లాబు ఇంకా నున్నగా వుంది. ఆ రాత్రి ఆ పేపర్లలో ఎవరికి ఎన్ని మార్కులు వేశానో నాకే తెలియదు. కొంచెం ఉదారంగానే వేసి వుంటాను.

మేస్త్రీతో ఈ కథ చెబితే తల ఊపాడు. ఆయన విప్పి చెప్పింది ఇదీ: శ్లాబు పోసేముందు సెంట్రింగు రేకులు సులువుగా ఊడి రావడానికి నూనె రాస్తారు. మంచి నూనె పలచగా రాస్తే ఫరవాలేదు. పాత ఇంజనాయిలు చేతికి వచ్చినట్టు పులిమితే ఆ జిడ్డు శ్లాబుకు అంటుకుంటుంది. ఇనుపరేకుల మీద పోసిన శ్లాబు అడుగు అసలే గాజులా వుంటుంది. దానికి జిడ్డు కూడా తోడైతే సిమెంటు పూత దేన్ని పట్టుకుని వేలాడుతుంది? కొన్నేళ్ళు వుంటుంది. ఓ రోజున నిద్రపోయేవాడి మీద పడుతుంది. అందుచేత పూతకు ముందు శ్లాబు అడుగంతా ఉలితో దగ్గర దగ్గరగా గంట్లు పెట్టాలి, జిడ్డు కడగాలి, తడపాలి, సిమెంటు పాలు చల్లాలి. అప్పుడు ఆరు మిల్లీమీటర్లకు అటూ ఇటూగా సన్నపు పూత వెయ్యాలి. మందం పెరిగితే బరువు పెరుగుతుంది. బరువు పెరిగితే ఊడుతుంది. పైన నునుపు నిలవాలంటే దాని వీపున గరుకు వుండాలన్నమాట!

"సెంట్రింగు ఎన్నాళ్ళకు విప్పావు?" అని అడిగాను, ఏదో తెలిసినట్టు. కేంద్రప్రభుత్వ ప్రమాణాల సంస్థ 2000లో సవరించిన నిబంధనల ప్రకారం, నాలుగున్నర మీటర్ల లోపు శ్లాబు కింద ఊతకర్రలు కనీసం 7 రోజులు, అంతకు మించిన వాటికి 14 రోజులు వుంచాలట. ఈ ముక్క ముందురోజు రాత్రి చదువుకుని వెళ్ళాను లెండి.

"ఇరవై ఒకటండి" అన్నాడు మేస్త్రీ. నా చదువు అక్కడితో సరి.

మధ్యాహ్నం భోజనం పక్క వీధిలోని అద్దె ఇంట్లో. అక్కడే మా అత్తయ్యగారు, అంటే బావగారి తల్లి, వున్నారు. ఎనభై నాలుగేళ్ళు. కిందటి ఏడు నూతి దగ్గర జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషను అయింది గాని, పట్టుకుని నాలుగడుగులు వేయించి మళ్ళీ పడుకోబెట్టవలసిందే. పాత ఇల్లు తియ్యడానికి కాగితం మీద సంతకం పెట్టింది ఆవిడే. అది తియ్యడం మాత్రం ఆవిడ చూడలేదు. ముందే ఇక్కడికి తీసుకువచ్చేశారు.

"కప్పు పంచాయితీకి వచ్చావా నాయనా?" అన్నారు నవ్వుతూ.

"అవునత్తయ్యగారూ. మీ పాత ఇంటి కప్పు ఎలా వుండేదో నాకు సరిగ్గా గుర్తు లేదు. చెప్పండి."

అడిగిందే తడవు. మండువా చుట్టూ బంగాళా పెంకులు, తాటి దూలాలు. లోపలి పెద్దగదికి మాత్రం మామగారు సరదాపడి మద్రాసు మిద్దె వేయించారట. రంగం టేకు వాసాలు వరసగా పరిచి, వాటి మీద సన్న ఇటుకలు నిలువుగా అంచులమీద పేర్చి, గానుగలో నూరిన సున్నంతో అతికి, పైన ఇటుకముక్కల కాంక్రీటు కొట్టి, ఆ పైన గచ్చు. అడుగున పూత అంటూ వుండదు. ఇటుక అంచులు ఆకుచాపలా కనబడుతుంటాయి. ఏటేటా సంక్రాంతికి ముందు నీలిమందు చుక్క కలిపిన సున్నం వేసేవారు. ఆ గదిలోనే పురుళ్ళు, ఆ గదిలోనే జ్వరాలు.

"1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చినప్పుడు" అన్నారావిడ, "మండువా పెంకులు విస్తళ్ళలా లేచిపోయాయి. మీ చెల్లెలు పసిపిల్లను ఒళ్ళో పెట్టుకుని పెద్దగదిలో కూచుంది. వీధిలో పదిహేనుమంది మా గదిలోనే. నేను పైకి చూస్తూ వాసాలు లెక్కపెడుతూ కూచున్నాను. పద్దెనిమిది. తెల్లారేదాకా పద్దెనిమిదీ వున్నాయి. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు గాని, నాయనా, నేను లెక్కపెట్టే బతికాను."

ఆ తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ తర్వాతనే ఈ ప్రాంతంలో పెంకుటిళ్ళవాళ్ళు అప్పోసప్పో చేసి శ్లాబుల వైపు మళ్ళడం ఎక్కువయింది. మా బావగారికీ ఆ రాత్రి నుంచే శ్లాబు కోరిక.

పాఠాలు చెప్పుకునేవాడికి ప్రతిదానికీ మాట వెతకడం జబ్బు. నేడు సీలింగు అంటున్నదానికి మనకు మాట లేదా అంటే వుంది, కొంచెం వేరే అర్థంతో. మేలుకట్టు, ఉల్లెడ. రెండూ బ్రౌను దొర 1852లో అచ్చు వేయించిన నిఘంటువులో కనబడతాయి. పందిట్లోనో, దేవుడి పీట మీదనో, రాజుగారి గద్దె మీదనో పైన కట్టే గుడ్డ అది. పెంకుల సందుల్లోంచి మట్టీ, జెర్రులూ మీద రాలకుండా గదుల్లో కూడా తెల్లగుడ్డ కట్టిన రోజులున్నాయి. ఇప్పటి జిప్సంబల్లల ఫాల్స్ సీలింగు ఆ గుడ్డకు మనవడే. కప్పు ఎండావానా ఆపడానికి, మేలుకట్టు కంటికి. మన లేపాక్షిలో పదహారో శతాబ్దిలో వీరభద్రాలయం కప్పు మీద బొమ్మలు వేసినవాళ్ళు రాతి మీద సన్నగా సున్నపు పూత వేసి, నునుపు చేసి, ఆ నునుపు మీద రంగుల మేలుకట్టు పరిచారు. తలెత్తి చూసి చూసి మెడలు పట్టేసినవాళ్ళలో నేనొకణ్ణి.

సాయంత్రం కాలువ గట్టున నడుస్తూ బావగారికి అమెరికా కథ ఒకటి చెప్పాను. మా పినతండ్రి మనవడు అక్కడ 1970ల నాటి ఇల్లొకటి కొన్నాడు. కప్పంతా పేలాలు అతికించినట్టు గరుకు. వాళ్ళు దాన్ని పేలాల కప్పనే అంటారు. రెండో యుద్ధం తర్వాత అక్కడ లక్షలాది ఇళ్ళు గబగబా కట్టవలసి వచ్చింది. నునుపు పనికి పనివాడి చెయ్యీ, రోజులూ కావాలి. గరుకైతే గొట్టంతో చిమ్మేస్తే సరి. లోపాలు దాగుతాయి, గదిలో ప్రతిధ్వని కొంచెం తగ్గుతుంది. కాని ఆ చిమ్మే సరుకులో చాలాచోట్ల ఆస్‌బెస్టాస్ కలిపారు. దాని నలుసు ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ళు గడిచాక ప్రాణం మీదికి తెస్తుంది. 1978లో అలాంటి అలంకారపు పూతలకు దాన్ని చిమ్మడం అక్కడ నిషేధించారు. మావాడు గోకబోయే ముందు చిటికెడు తీసి పరీక్షకు పంపి, ఫలితం వచ్చేదాకా చెయ్యి పెట్టలేదు.

"మనవాళ్ళ గరుకులో అది వుండదుగా?" అన్నారు బావగారు గాభరాగా.

"ఇప్పటి టెక్స్‌చర్ రంగుల సంగతి వేరు. డబ్బామీద ఏముందో చదివి కొనుక్కోండి. నేను చెప్పేది వేరే. వెయ్యడం ఒక పూట. విసుగు పుడితే తియ్యడం ఒక వేసవి. నునుపు మీద ఎప్పుడైనా గరుకు వేసుకోవచ్చు. గరుకును నునుపు చెయ్యాలంటే ఇల్లంతా ముసుగు వేసుకోవలసిందే."

ఆయన కాసేపు కాలువలోకి చూశారు. "అయితే ఫాల్స్ సీలింగు?"

ఆ మాట మా చెల్లెలి పక్షానికి చెందినది. ఆవిడకు నునుపుతోపాటు అంచుల్లో దాగిన దీపాలు కూడా కావాలి. నాకు తోచింది చెప్పాను. పది అడుగుల కప్పును అరడుగు దించితే పంకా దిగుతుంది, గాలి తగ్గుతుంది, ఉక్క పెరుగుతుంది. పంకా కొక్కెం ఎలాగూ అసలు శ్లాబుకే వుండాలి. ఎండాకాలం శ్లాబు సెగను ఆ మధ్య ఖాళీ కొంత ఆపుతుందన్న మాట నిజమే. కాని మిల్లుల వూళ్ళో ఎలుకలకు మేడమీద మేడ కట్టించి ఇచ్చినట్టవుతుంది. పైగా శ్లాబు ఎక్కడైనా చెమ్మగిల్లితే జిప్సం తడి తాగి వంగుతుంది. పైన నీళ్ళగది వున్నచోట ప్లాస్టర్ ఆఫ్ పారిస్ జోలికి పోవద్దని, తెల్లసిమెంటు పుట్టీయే మేలని మేస్త్రీ కూడా అన్నాడు.

"బల్లులు?" అన్నారు బావగారు చివరి ఆశతో. "నున్నటి కప్పు మీంచి జారి పడతాయిగా, ఆడవాళ్ళకు బల్లిపాటు భయం."

అదేమీ కుదరలేదు. బల్లి అద్దం మీద కూడా తలకిందులుగా నడుస్తుంది.

మర్నాడు మళ్ళీ అద్దె ఇంట్లో కూచున్నాం. హాలుకు నునుపు, బావగారి గరుకు సరదా తూర్పుగోడ ఒక్కదానికి, అని దాదాపు ఒప్పందం కుదిరింది. గోడ మీదిదైతే చేతికి అందుతుంది, దులపవచ్చు. ఆ గోడా తనే దులుపుతానని బావగారు నలుగురి ముందూ ఒప్పుకున్నారు. ఇంతలో మేస్త్రీ, "పడమటి గది సంగతేంటండి?" అన్నాడు.

పడమటి గది అత్తయ్యగారిది. ఆ గది గురించి ఎవరమూ ఏమీ అనుకోలేదు. హాలులో కప్పుకేసి ఎవరు చూస్తారు? వచ్చినవాళ్ళు కాఫీ తాగి, టీవీ చూసి పోతారు. రోజుకు పద్ధెనిమిది గంటలు కప్పును చూస్తూ పడుకోబోయేది ఆ ఇంట్లో ఒక్కరే. ఆవిణ్ణి ఎవరమూ అడగలేదు. నేను తీర్పరిని, నేనూ అడగలేదు. మా చెల్లెలు చప్పున లేచి ఆవిడ మంచం దగ్గర కూచుంది.

"అత్తయ్యా, మీకెలా కావాలి?"

ఆవిడ వెంటనే చెప్పలేదు. నాకేం, మీ ఇష్టం, ఎన్నాళ్ళుంటాను, ఇవన్నీ అయిన తర్వాత, నెమ్మదిగా అన్నారు. "ఆసుపత్రి నుంచి వచ్చాక పెద్దమనవడి ఇంట్లో పదిరోజులు వున్నాను చూడు, అక్కడ కప్పు గరుకు. శుక్లాలు తీయించుకున్న కళ్ళు. సాయంత్రం ఎండపడితే ఆ గరుకంతా పురుగులు పాకినట్టుండేది. పిల్లలతో చెబితే నవ్వుతారని కళ్ళు మూసుకునేదాన్ని. నున్నగా మెరిసేదీ వద్దమ్మా. దీపం వేస్తే కళ్ళల్లో పొడుస్తుంది. మామూలు సున్నం, నీలిమందు చుక్క వేసి. అదుంటే చాలు."

బావగారు తల వంచుకున్నారు. పెద్దమనవడంటే రాజమండ్రిలోని ఆ మేనల్లుడే. ఆ వెన్నెల ఇదే.

మేస్త్రీ ముఖం మాత్రం వికసించింది. "ఆయ్! మంచి మాట చెప్పారు పెద్దమ్మగారు. పుట్టీ పెడితే దాని మీద సున్నం నిలవదండి. పుట్టీ వద్దు. సిమెంటు పూత వేసి, పచ్చి మీదనే చెక్కబల్లతో రుద్ది, తడి స్పాంజి తిప్పి వదిలేస్తాను. ఇసుక పలుకు కంటికి కనపడీ కనపడకుండా వుంటుంది. దాన్ని సున్నం బాగా పట్టుకుంటుంది. మెరవదు, నీడలు పడవు. ఖర్చూ తక్కువే."

రెండు రోజులుగా నునుపా గరుకా అని కొట్టుకుంటున్న మాకు ఈ రెంటికీ మధ్య ఒకటి వుందని చెప్పినవాళ్ళు, ఒకరు మంచం మీద వున్నవారు, ఒకరు నిచ్చెన మీద వుండేవాడు. పంకా మాత్రం మంచానికి సరిగ్గా పైన వద్దని, కాళ్ళవైపు జరపమని ఆవిడ మరో మాట అన్నారు. కొక్కెం శ్లాబులో ముందే వేసేశారు. అందుకని మంచాన్నే జరుపుదామని తేలింది.

మూడోనాడు ఉదయం నేను బయలుదేరేముందు మేస్త్రీ పని మొదలుపెట్టాడు. ముందు పడమటి గదే చెయ్యమన్నారు బావగారు. ఇద్దరు కుర్రాళ్ళు పరంజా కట్టి, ఉలీ సుత్తీ పట్టుకుని శ్లాబు అడుగున గంట్లు పెడుతున్నారు. టకటకమని చప్పుడు, తెల్లటి దుమ్ము. అత్తయ్యగారు పట్టుపట్టి చక్రాల కుర్చీలో అక్కడికి వచ్చారు. పాత ఇల్లు తీసేశాక ఆ స్థలంలోకి రావడం ఆవిడకు అదే మొదటిసారి. పమిటచెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, గుమ్మంలో కుర్చీ ఆపించుకుని, తలెత్తి చూస్తూ కూచున్నారు. పెదవులు మాత్రం కదులుతున్నాయి.

"ఏమిటత్తయ్యగారూ, జపమా?" అని అడిగాను, సెలవు తీసుకుందామని వంగి.

"వుండు నాయనా, లెక్క తప్పుతుంది" అన్నారు.